వడగళ్ల వాన వెలిసిందా? ముందు ఫోన్ తీయండి

పైకప్పుకి తగిలిన వడగళ్ల దెబ్బ కింద నుంచి చూస్తే చాలావరకు కనిపించదు. అలాగని వెంటనే పైకెక్కకండి, తడిసిన కప్పు జారుతుంది. ముందు కిందే చూడండి: వాననీటి గొట్టాలు, ఏసీ బయటి యూనిట్ రెక్కలు, కిటికీ చట్రాలు. వాటి మీద కొత్త సొట్టలుంటే కప్పుకీ దెబ్బ తగిలిందేమోనని అనుమానించాల్సిందే. ఇంటి బీమా క్లెయిమ్‌కి పనికొచ్చేలా సొట్ట పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. వడగళ్లని కూడా కరిగిపోకముందే అలాగే తీయండి. ఏ రోజు పడ్డాయో చూపడానికి అది గట్టి రుజువు.

ఇల్లు కారుతుంటే టార్పాలిన్ కప్పించి రసీదు దాచుకోండి. నష్టం పెరగకుండా చూసుకోవడం మామూలుగా పాలసీదారు బాధ్యతే. పూర్తి రిపేరు మాత్రం బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసేదాకా మొదలుపెట్టొద్దు. కంపెనీకి కబురు ఆలస్యం చేయకండి.

పాలసీలో డిడక్టిబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన మొత్తం) ఎంతో చూడండి. రిపేరు ఖర్చు అంతకంటే తక్కువైతే క్లెయిమ్ వేసినా చేతికి ఏమీ రాదు. పరిహారం కొత్త కప్పు ధర ప్రకారం ఇస్తారా, తరుగుదల తీసేసి ఇస్తారా అన్నదీ చూడండి. పాత కప్పయితే ఈ తేడా చాలా పెద్దది.

"డిడక్టిబుల్ మేమే భరిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటూ గుమ్మంలోకి వచ్చే కాంట్రాక్టర్‌కి మాత్రం దయచేసి సంతకం పెట్టకండి.