స్కెచ్ మీద గీత మొదలుపెట్టే ముందు

ఇంక్‌స్కేప్ వంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లోకి (బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా, ఆకారాలుగా దాచుకునే ప్రోగ్రాంలోకి) చేతి స్కెచ్‌ను దిగుమతి చేసుకుని తొలిసారి గీయబోయేవారు ముందుగా ఈ కింది విషయాలను సరిచూసుకోవాలి.

– స్కెచ్ ఉన్న లేయర్‌లోనే (పారదర్శక కాగితంలాంటి పొరలోనే) గీయకండి. చివర్లో స్కెచ్ అక్కరలేదని ఆ లేయర్‌ను తొలగిస్తే, గంటల తరబడి గీసిన గీతలన్నీ దానితోపాటే పోతాయి. ఒక పక్షి బొమ్మను, రెక్కల్లోని ఈకలన్నీ గీసి ముగించాక, నేను సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నాను. ఫైలును సేవ్ చేసి మూసేశాక అన్‌డూ కూడా ఆదుకోదు.

– స్కెచ్ లేయర్‌ను లాక్ చేసి, అపాసిటీని (బొమ్మ ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే కొలతను) 40 శాతం దగ్గరకు తగ్గించండి. లాక్ లేకపోతే గీతను పట్టుకోబోయి స్కెచ్‌నే జరుపుతాము, ఆ సంగతి చాలాసేపటికి గానీ తెలియదు.

– దిగుమతి చేసేటప్పుడు ‘లింక్’ (అసలు ఫైలు ఎక్కడుందో మాత్రమే గుర్తుంచుకోవడం) కాక ‘ఎంబెడ్’ను (బొమ్మనే మన ఫైలులో చేర్చుకోవడాన్ని) ఎంచుకోండి. లింక్ చేసిన బొమ్మ, దాని అసలు ఫైలు వేరే ఫోల్డర్‌కు మారితే కనిపించదు. ఎంబెడ్‌తో ఫైలు బరువెక్కుతుంది, అయినా అదే నయం.

– స్కాన్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) ఉంటే, ఫైలులోని డీపీఐనే తీసుకోమని చెప్పండి. 96 లెక్కన తీసుకుంటే బొమ్మ మూడు రెట్లకు పైగా పెద్దదై పేజీ దాటిపోతుంది.

– ఎగుమతికి ముందు స్కెచ్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తును నొక్కి దానిని దాచండి.