ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కనబడకుండా పోతే ఏం చేయాలి?

నిన్నటిదాకా బాగా ఆడిన గేమ్ ఈరోజు నత్తనడక నడుస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ ఒక్కటే ఉంటుంది, విడిగా ఉండే ఎన్విడియా కార్డు పేరే ఉండదు. కడపలోనో ప్రొద్దుటూరులోనో షాపుకు తీసుకెళ్తే ‘చిప్ పోయింది’ అనొచ్చు. అది నిజమో కాదో పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు.

1. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. వ్యూ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కి, డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. కార్డు పేరు పక్కన కింది బాణం గుర్తుంటే ఎవరో డిసేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే సరి. పసుపు గుర్తు, కోడ్ 43 ఉంటే కార్డు విండోస్‌కు కనబడుతోంది కానీ సరిగ్గా పనిచేయడం లేదు: తప్పు డ్రైవర్‌ది (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) కావచ్చు, చిప్‌ది కావచ్చు. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే ఆ చిప్‌కు డ్రైవర్ లేదంతే. ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే ఏ చిప్పో తెలుస్తుంది: 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 8086 అంటే ఇంటెల్. పేరు మసకగా, కోడ్ 45తో ఉన్నా, అసలు లేకపోయినా రెండో మెట్టుకు వెళ్లండి.

2. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. బ్యాటరీ ఆదా కోసం గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కార్డును పూర్తిగా ఆపేసే మోడ్ ఉంటుంది. ఆసుస్‌లో దాని పేరు ఎకో మోడ్, ఆర్మరీ క్రేట్ అనే ఆసుస్ యాప్‌లో ఉంటుంది. లెనోవో గేమింగ్ మోడళ్లలో వాంటేజ్ యాప్‌లో హైబ్రిడ్ మోడ్ సెట్టింగుల కింద వెతకండి. ఆసుస్‌లో ‘ఆప్టిమైజ్డ్’ పెట్టి ఉంటే చార్జర్ తీయగానే కార్డు మాయమై, పెట్టగానే తిరిగొస్తుంది. అది జబ్బు కాదు. చిక్కు ఎక్కడంటే, ఎకోలో ఉండగా విండోస్ మళ్లీ వేసినా, ఆర్మరీ క్రేట్ తీసేసినా, కార్డు ఆగిన స్థితిలోనే ఉండిపోవచ్చు. ఆ ఆదేశం విండోస్‌లో కాదు, కింద ఫర్మ్‌వేర్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. అందుకే ఫార్మాట్ చేసినా ఫలితం ఉండదు. ఆర్మరీ క్రేట్ మళ్లీ వేసి, చార్జర్ పెట్టి, స్టాండర్డ్ మోడ్‌లోకి మార్చి రీస్టార్ట్ చేయండి.

3. షట్‌డౌన్ చేసి చార్జర్, యూఎస్‌బీలు అన్నీ తీసేయండి. బ్యాటరీ ఊడేదైతే అదీ తీయండి. పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చేయండి. స్లీప్ నుంచి లేచాక, కరెంటు వచ్చిపోయాక మాయమైన కార్డు చాలాసార్లు దీనితోనే తిరిగొస్తుంది.

4. పేరు కనబడుతూ డ్రైవర్ మొరాయిస్తుంటే పాతదాన్ని సమూలంగా తీయాలి. ముందుగా బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి; సేఫ్ మోడ్‌కు (అవసరమైన వాటితోనే విండోస్ నడిచే స్థితి) వెళ్లేటప్పుడో, బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) మార్చాకో అడగవచ్చు. అడిగినప్పుడు కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. మీ మోడల్ నంబరుకు తయారీదారు సైట్‌లో ఉన్న డ్రైవర్‌నూ, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌నూ దించుకుని ఇంటర్నెట్ ఆపేయండి. ఆపకపోతే విండోస్ మధ్యలో తన డ్రైవర్ తోసేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ అన్‌ఇన్‌స్టాలర్‌లో ‘క్లీన్ అండ్ రీస్టార్ట్’. తిరిగొచ్చాక ముందు ఇంటెల్ డ్రైవర్, తర్వాత ఎన్విడియా డ్రైవర్ వేయండి.

5. ఇప్పటికీ లేకపోతే బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగ్స్ లోడ్ చేసి, గ్రాఫిక్స్ ఆప్షన్ ఉంటే డిస్‌క్రీట్‌కో (విడి కార్డు ఒక్కటే) హైబ్రిడ్‌కో (రెండూ) మార్చండి. తర్వాత ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ‘ట్రై’ ఎంచుకుని, టెర్మినల్‌లో lspci అని కొట్టి పీసీఐ పరికరాల (మదర్‌బోర్డుకు కలిపిన కార్డుల వంటివి) జాబితా చూడండి. అక్కడ కనబడితే తప్పు బహుశా విండోస్‌దే. అక్కడా లేకపోతే, ఎకో మోడ్ తీసేశారని గట్టిగా అనుకున్నాకే హార్డ్‌వేర్‌ను అనుమానించండి.

హార్డ్‌వేర్ తప్పయితే మన వేసవి కూడా ఒక చెయ్యి వేసి ఉంటుంది. గది ఎండకు కాలిపోతుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా లాక్కునేది వేడిగాలే. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లకైతే ఆ మెత్తటి తెల్లపొడి హీట్‌సింక్ రేకుల మధ్య చేరి గాలిదారి మూసేస్తుంది. దాన్ని తుడిపించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. గేమ్ ఆడేటప్పుడు 80 డిగ్రీలు దాటడం మామూలే. 90 దాటుతూ ఉంటే ఆలస్యం చేయొద్దు.

చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ కార్డు మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, విడిగా మార్చేది కాదు. హీట్ గన్‌తో చిప్‌ను కాల్చితే కొన్ని రోజులో వారాలో పనిచేసి మళ్లీ పోవచ్చు. ఆ పనికి డబ్బు పెట్టకండి. వారంటీ ఉంటే నేరుగా సర్వీస్ సెంటర్‌కే. లేకపోతే చిప్ లెవల్ పని తెలిసినవాళ్లతో ముందు కార్డుకు అందే వోల్టేజీలు కొలిపించండి. కెపాసిటరో మాస్‌ఫెట్టో లాంటి చిన్న భాగం పోయి ఉంటే చిప్‌ను ముట్టుకోకుండానే బాగవుతుంది. షాపులో ఇచ్చే ముందు, ఊడేదైతే, మీ డేటా ఉండే ఎస్‌ఎస్‌డీ తీసి ఇంట్లో పెట్టుకోండి; ఈ పరీక్షకు అది అక్కర్లేదు.