ప్రీయాంప్ కొనే ముందు ఒకసారి ఇవి చూసుకోండి

సౌండ్ బాగా రావడం లేదని చెబితే చాలు, "ప్రీయాంప్ పెట్టు" అంటారు. ప్రీయాంప్ అంటే సీడీ ప్లేయర్, ఫోన్ లాంటి సోర్సుల్లో ఒకదాన్ని ఎంచుకుని, వాల్యూమ్ సరిచేసి, స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి పంపే భాగం. ముందు మీ యాంప్లిఫయర్‌ని ఒకసారి చూడండి. వాల్యూమ్ నాబ్, ఇన్‌పుట్ మార్చే స్విచ్ రెండూ ఉంటే అది ఇంటిగ్రేటెడ్ యాంప్ (ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే పెట్టెలో) కానీ ఏవీ రిసీవర్ (టీవీ, సినిమా సౌండ్‌కి వాడే యాంప్) కానీ అయ్యుంటుంది. ప్రీయాంప్ ఆ పెట్టెలోనే ఉంది, ఇంకొకటి అక్కర్లేదు. విడిగా పవర్ యాంప్ వాడేవాళ్లకే అసలు ప్రశ్న.

సమస్య: అన్నీ బాగానే మోగుతున్నాయి, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మాత్రం గుసగుసలాడుతోంది, బేస్ లేదు

టర్న్‌టేబుల్ సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది, అంటే 400 రెట్లు. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. దాన్ని తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీయాంప్ ఒక్కటే. మామూలు ప్రీయాంప్ పెడితే ఆ పల్చటి సౌండే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

పరిష్కారం: యాంప్ వెనక 'ఫోనో' అని రాసి ఉన్న ఇన్‌పుట్ ఉందేమో వెతకండి. లేకపోతే టర్న్‌టేబుల్ వెనక ఫోనో/లైన్ స్విచ్ ఉంటుందేమో చూసి లైన్‌కి మార్చండి (అప్పుడు టర్న్‌టేబుల్ లోపలి ఫోనో ప్రీయాంపే పని చేస్తుంది). రెండూ లేకపోతేనే ఫోనో ప్రీయాంప్ కొనండి. స్విచ్ లైన్‌లో ఉంచి, వైరు తీసుకెళ్లి ఫోనో ఇన్‌పుట్‌లో పెట్టకండి. నేను అదే చేసి, సౌండ్ బొంగురుపోతే సూది అరిగిందనుకుని కొత్తది కొన్నాను.

సమస్య: డాక్‌ని (DAC, డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) నేరుగా పవర్ యాంప్‌కి పెట్టాను, సౌండ్ చాలడం లేదు

ఇక్కడ చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది. పవర్ యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో ఆ లెక్క) 26 డెసిబెల్స్ అనుకుందాం, అంటే 20 రెట్లు. డాక్ 2 వోల్టులిస్తే స్పీకర్ దగ్గర 40 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది 200 వాట్లు. మీ యాంప్ 100 వాట్లదైతే దాని సత్తా అంతకంటే ముందే అయిపోతుంది. ప్రీయాంప్ పెట్టినా కొత్తగా వచ్చేదేమీ లేదు. సోర్స్ అర వోల్టే ఇస్తే మాత్రం స్పీకర్‌కి చేరేది 12.5 వాట్లు. అప్పుడు గెయిన్ ఉన్న ప్రీయాంప్ నిజంగానే అవసరం. కొనే ముందు ఫోన్‌లో, ప్లేయర్ యాప్‌లో వాల్యూమ్ పూర్తిగా ఉందో లేదో చూసుకోండి. చాలాసార్లు అసలు దొంగ అక్కడే దొరుకుతాడు.

సమస్య: నాబ్ కొంచెం తిప్పితే చాలు, చెవులు పగిలిపోతున్నాయి

గెయిన్ ఎక్కువైంది. ప్రీయాంప్, పవర్ యాంప్ మధ్య 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే చిన్న పరికరం) పెట్టండి. ప్రీయాంప్ నుంచి వచ్చే బుస కూడా తగ్గుతుంది.

సమస్య: పాసివ్ వాల్యూమ్ బాక్స్ (కరెంటు లేకుండా వాల్యూమ్ తగ్గించడం మాత్రమే చేసే పెట్టె) పెట్టాక ట్రెబుల్ మందగించింది

ప్రీయాంప్ తన విలువ చూపించేది ఇక్కడే. 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ ఒక స్థాయిలో ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్ బయటికి వచ్చే దారిలోని అడ్డంకి) 25 కిలో ఓమ్‌ల దాకా వెళ్తుంది. మీటరుకి 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (ఇక్కడ ట్రెబుల్‌ని మింగేది ఇదే) చొప్పున ఉన్న 5 మీటర్ల కేబుల్ తగిలిస్తే, 13 వేల హెర్ట్జ్ దగ్గరికే 3 డెసిబెల్స్ పడిపోతుంది. 10 కిలో ఓమ్‌ల బాక్స్‌తో పొట్టి కేబుల్ వాడితే ఈ టెన్షన్ లేదు. కేబుల్ పొడుగ్గానే ఉండాలంటే బఫర్ (పొడుగు కేబుల్‌ని కూడా తేలిగ్గా నడిపే సర్క్యూట్) ఉన్న యాక్టివ్ ప్రీయాంప్ తీసుకోండి.

సమస్య: హమ్ (ఎడతెగని గుయ్యిమనే శబ్దం) వస్తోంది

దీనికి ప్రీయాంప్ మందు కాదు. సోర్సులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్లండి, ఏది తీస్తే ఆగిందో అక్కడే గ్రౌండ్ లూప్ (పెట్టెల మధ్య ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడటం) ఉండొచ్చు. టర్న్‌టేబుల్ అయితే దాని గ్రౌండ్ వైరు బిగించారో లేదో చూడండి. ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

ఒకే సోర్స్, దానికి సొంత వాల్యూమ్ ఉంటే ప్రీయాంప్ లేకుండా హాయిగా నడుస్తుంది. నాది రెండేళ్లుగా అలాగే ఉంది. కాకపోతే కొన్ని డాక్‌లు కరెంటు పోయి వచ్చాక ఫుల్ వాల్యూమ్‌లో మొదలవుతాయి. అలాంటిదో కాదో, స్పీకర్లు తీసేసి ఒకసారి పరీక్షించి తర్వాతే కనెక్ట్ చేయండి.