రీజనింగ్ పేపర్‌కి ముందు: ‘కాబట్టి’ దగ్గర ఆగండి

ఇంకో నెలలో పరీక్ష ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీమ్యాట్, బ్యాంక్ పీవో, సివిల్స్ సీశాట్, ఏదైనా సరే, లెక్క రాక పోయే మార్కులు వేరు, రెండు విషయాలు పక్కపక్కన కనిపించగానే ఒకటి రెండోదానికి కారణమని నమ్మేసి పోగొట్టుకునే మార్కులు వేరు. ఈ రెండో రకం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అవి చదవక పోయినవి కావు, తొందరలో పోయినవి. సీశాట్‌లో 2 గంటల్లో 80 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 90 సెకన్లు, తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. జీమ్యాట్ వెర్బల్‌లో 45 నిమిషాలకి 23 ప్రశ్నలు. ఆ టెన్షన్‌లో బుర్ర అడ్డదారి వెతుక్కుంటుంది.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఒక మాక్ పేపర్ చేస్తుంటే నాకు ఇలాంటి ప్రశ్నే తగిలింది. ఒక కోచింగ్ సెంటర్‌లో 20కి పైగా మాక్ టెస్టులు రాసినవాళ్లకి, తక్కువ రాసినవాళ్ల కన్నా అసలు పరీక్షలో సగటు మార్కులు ఎక్కువ వచ్చాయి, కాబట్టి మాక్ టెస్టులు ఎక్కువ రాస్తే మార్కులు పెరుగుతాయి. ఈ వాదనని బలహీనపరిచేది ఏది? నేను పెట్టింది, ‘20కి పైగా రాసినవాళ్లలో కొందరు ఫెయిలయ్యారు’. తప్పు. వాళ్లు చెప్పింది సగటు గురించి, నలుగురైదుగురు ఫెయిలైతే సగటు మాట అబద్ధం కాదు. సరైన ఆప్షన్ నేను చదివి దాటేసినదే: ‘ఎక్కువ టెస్టులు రాసినవాళ్లకి చేరిన రోజు పెట్టిన పరీక్షలోనే మార్కులు ఎక్కువ’. అంటే బాగా వచ్చేవాళ్లు ఉత్సాహంతో ఇంకా ఇంకా రాశారు, మార్కులు రానివాళ్లు మూడో టెస్టు తర్వాత మానేశారు. మన రూముల్లో ప్రతి ఏడాదీ జరిగేదే కదా, కళ్లెదుట ఉన్నా నాకు తట్టలేదు. అదే ఆప్షన్‌ని తిప్పి ‘చేరిన రోజు రెండు గుంపుల మార్కులూ దాదాపు సమానం’ అని రాస్తే, అది వాదనని బలపరిచే జవాబు అవుతుంది. ఈ ఒక్క జంట అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

అందుకని మొదటి జాగ్రత్త, ఆప్షన్లలోకి వెళ్లకముందే ముగింపు వాక్యం దగ్గర ఆగి దాని క్రియాపదం చూడండి. ఇచ్చిన సమాచారంలో ‘ఎక్కువగా ఉంది’, ‘కలిసి కనిపించాయి’, ‘ఆ తర్వాత తగ్గింది’ అని ఉంటుంది. ముగింపుకొచ్చేసరికి అది ‘పెంచుతుంది’, ‘తగ్గించింది’, ‘దీనివల్లే’ అని మారిపోతుంది. మధ్యలో ఎక్కడా రుజువు రాదు, మాట మారుతుందంతే. ప్రశ్న మొత్తం ఆ సందులోనే ఉంటుంది. రఫ్ పేపర్ మీద చిన్న బాణం వేయండి, దేని నుంచి దేనికి అని. వేశాక ఆ బాణాన్ని తిప్పి చూడండి. ట్రాఫిక్ పోలీసులు ఎక్కువ ఉన్న జంక్షన్లలోనే జామ్ ఎక్కువ, కాబట్టి పోలీసులే జామ్‌కి కారణం అంటే పంజాగుట్ట దాటిన ఎవరైనా తిప్పేస్తారు. కానీ పేపర్‌లో జంక్షన్ బదులు ఏదో విదేశీ కంపెనీ, తెలియని మందు పేరు ఉంటుంది, అక్కడ తిప్పడం మర్చిపోతాం.

బాణం తిప్పినా కుదరకపోతే, రెండింటి వెనకా మూడోది ఉందేమో చూడాలి. దీనికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. మలేరియా అన్న మాటకి ఇటాలియన్ మూలంలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల దగ్గర ఆ వాసన ఉండేది, అక్కడే జ్వరాలూ వచ్చేవి, అందుకని గాలే కారణమని తరతరాలు నమ్మారు. వాళ్లు చూసిన సంబంధం అబద్ధం కాదు, నిజంగానే రెండూ కలిసి ఉండేవి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు, ఆ దారిలో వెళ్లాక అసలు సంగతి తేలింది. నిలవనీరే ఒకవైపు వాసన పుట్టిస్తుంది, ఇంకోవైపు దోమల్ని పెంచుతుంది. జ్వరం వచ్చేది దోమ వల్ల. ఈ ప్రశ్న మీకొస్తే, ‘వాసన లేకపోయినా దోమలున్న చోట జ్వరాలు వచ్చాయి’ అన్న ఆప్షన్ వైపు చెయ్యి వెళ్లాలి.

మూడో సంగతి కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే. ‘ముందు ఇది జరిగింది, తర్వాత అది జరిగింది’ అన్నది తప్ప ఇంకేమీ ఇవ్వని ప్రశ్నల్లో ఇది గుర్తుపెట్టుకోండి. ఇందులోనే ఇంకో ముసుగు ఉంటుంది: ప్రమాదాలు మరీ ఎక్కువైన నెల చూసి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వేశారు, మరుసటి నెల తగ్గాయి, కాబట్టి బ్రేకర్ పనిచేసింది అంటారు. మరీ ఎక్కువైన నెల తర్వాత ఏమీ చేయకపోయినా మామూలు స్థాయికి రావడం సహజం. పక్కన బ్రేకర్ వేయని అలాంటి రోడ్ల మీద కూడా అంతే తగ్గాయా అన్న ఆప్షన్ ఉంటే అదే చూడండి.

బ్యాంక్ పరీక్షల వాళ్లకి కొంచెం సులువు, కారణం-ఫలితం ప్రశ్నల్లో ఈ అనుమానాలన్నీ ఆప్షన్లుగానే ఇచ్చేస్తారు: మొదటిది కారణం, రెండోది కారణం, రెండూ వేర్వేరు కారణాలు, రెండూ వేర్వేరు కారణాల ఫలితాలు, రెండూ ఒకే కారణం వల్ల వచ్చిన ఫలితాలు. చివరిది చదవకుండా మొదటిదాని మీద టిక్ పెట్టకండి.

ఇదంతా నేర్చుకున్నాక వచ్చే ప్రమాదం ఒకటుంది, దీని గురించి గట్టిగా చెప్పాలి. ప్రతి కారణం మాటా తప్పే అనిపించడం మొదలవుతుంది. 1950లో డాల్, హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపిస్తే, ఫిషర్ అంతటి గణాంక శాస్త్రవేత్త ఈ రెండింటి వెనకా వంశపారంపర్య లక్షణం ఉండొచ్చు కదా అని వాదించారు. ప్రశ్న సరైనదే, జవాబే తప్పయింది. ఎక్కువ తాగినవాళ్లకి ఎక్కువ ముప్పు, మానేసినవాళ్లలో ఆ ముప్పు తగ్గడం లాంటి సాక్ష్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీ పేపర్‌లో కూడా డోసు పెరిగితే ఫలితం పెరిగింది, తీసేస్తే తగ్గింది, లాటరీ తీసి రెండు గుంపులు చేశారు అని ఉంటే, అక్కడ మొండిగా మూడో కారణం వెతుకుతూ కూర్చుంటే టైమ్ పోతుంది.

పరీక్షకి ముందు చివరి రెండు వారాలు కొత్త పేపర్లు తగ్గించి, పాత మాక్‌లలో తప్పుపోయిన ఇలాంటి ప్రశ్నలే ఒక పుస్తకంలో రాసుకోండి. ప్రతిదాని పక్కన మీరు పెట్టిన ఆప్షన్, అది పెట్టేటప్పుడు ఏమనుకున్నారో ఒక్క వాక్యం. నా పుస్తకంలో పదకొండు తప్పుల్లో ఏడింటి పక్కన ‘కొందరు’ అన్న మాటే ఉంది. మీది వేరే ఏదో అవుతుంది, అది పరీక్ష ముందే బయటపడాలి.