3జీ టవర్లు ఆగిపోయాక ఫోనులో సరిచూసుకోవలసినవి

ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా అవతలివారికి "కవరేజీ ఏరియాలో లేరు" అని వినపడటం, కాల్ మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోవడం, గడువు దాటాక గానీ ఓటీపీ రాకపోవడం వంటి ఇబ్బందులు ఉదయగిరి, కనిగిరి, పొదిలి, యర్రగొండపాలెం వైపు పల్లెల్లో ఇప్పుడు తరచూ వినవస్తున్నాయి. వీటికి చాలామంది ఎంచుకుంటున్న దారి కొత్త ఫోను కొనడం. పంట డబ్బు ఇంకా చేతికి రాని ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు, పైగా చాలాసార్లు అవసరమైన ఖర్చు కూడా కాదు. లోపం ఫోనులో ఉందా, సిమ్ములో ఉందా, సెట్టింగ్స్‌లో ఉందా, టవరులో ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. అందుకు చేయవలసిన పరీక్షలను, చేసే వరుసలోనే కింద వివరిస్తున్నాను.

ముందుగా జరిగిన మార్పు ఏమిటో తెలియాలి. ఎయిర్‌టెల్ 2020 నాటికే దేశమంతటా 3జీ సేవలను ఆపివేసింది. జియో 2016 సెప్టెంబరు 5న 4జీతోనే మొదలైంది కనుక దానికి 2జీ గానీ 3జీ గానీ ఎన్నడూ లేవు. వొడాఫోన్ ఐడియా తన 3జీ తరంగాలను 4జీకి మళ్లించుకుంటూ వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ 2025 సెప్టెంబరు 27న స్వదేశీ 4జీని దేశవ్యాప్తంగా లాంఛనంగా ప్రారంభించింది, 3జీని దశలవారీగా తొలగిస్తోంది. కీప్యాడ్ ఫోన్లు వాడేవారు ఇంకా ఎక్కువగానే ఉన్నందువల్ల జియో తప్ప మిగిలిన కంపెనీలు 2జీని నడుపుతూనే ఉన్నాయి. అంటే పైన 4జీ, అట్టడుగున 2జీ మిగిలి, నిచ్చెనలో నడిమి మెట్టు తీసేసినట్టయింది.

ఆ మెట్టు లేకపోవడం నెట్ కన్నా ఎక్కువగా కాల్స్ మీద ప్రభావం చూపుతుంది. 4జీని ప్రధానంగా డేటా కోసం రూపొందించారు. దాని మీదుగా మాట కూడా వెళ్లాలంటే వోల్టీ అనే ఏర్పాటు ఉండాలి, అది ఫోనులోనూ సిమ్ములోనూ కంపెనీ నెట్‌వర్కులోనూ ఏకకాలంలో పనిచేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, కాల్ వచ్చిన క్షణంలో ఫోను 4జీని వదిలి కింది నెట్‌వర్కుకు దిగుతుంది. ఇదివరకు అలా దిగినప్పుడు 3జీ అందుకునేది కనుక మాట్లాడుతూనే వాట్సాప్ చూసుకోగలిగేవాళ్లం. ఇప్పుడు నేరుగా 2జీకి దిగుతుంది, అక్కడ కాల్ నడుస్తున్నంతసేపూ డేటా ఆగిపోతుంది. ఊరి టవరులో 4జీ బాగుండి 2జీ బలహీనంగా ఉంటే ఆ దిగడంలోనే కాల్ తెగిపోతుంది, లేదా అసలు మోగదు. జియో సిమ్మయితే దిగడానికి కింద ఏమీ లేదు కాబట్టి వోల్టీ లేని ఫోనులో మామూలు కాల్ వెళ్లనే వెళ్లదు.

మొదటి పరీక్షకు ఒక్క నిమిషం చాలు. వైఫై ఆపి, మొబైల్ డేటా ఆన్ చేసి, ఇంట్లో మరొకరి నంబరుకు కాల్ చేసి, వారు ఎత్తాక తెర పైభాగాన సిగ్నల్ పక్కనున్న గుర్తును చూడాలి. 4జీ లేదా 5జీ అన్న గుర్తు అలాగే నిలిచి ఉంటే వోల్టీ పనిచేస్తున్నట్టే. అది పోయి ఇంగ్లీషు ఇ అక్షరమో జి అక్షరమో వస్తే, లేదా గుర్తే మాయమైతే ఫోను 2జీకి దిగిపోయింది. హెచ్ అక్షరం కనిపిస్తే మీ టవరులో 3జీ ఇంకా మిగిలి ఉందని అర్థం. అది ఆగిపోయిన రోజున మీకూ ఇదే ఇబ్బంది మొదలవుతుంది కనుక ఇప్పుడే సర్దుకోవడం మేలు. ఇదే పరీక్షను ఇంటి లోపల ఒకసారి, ఆరుబయట ఒకసారి చేయాలి. లోపల దిగిపోయి బయట నిలిస్తే లోపం సెట్టింగ్స్‌ది కాదు, ఇంట్లోకి అందని సిగ్నల్‌ది.

బయట కూడా దిగిపోతుంటే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ భాగాన్ని తెరిచి, ఆ సిమ్ పేరు మీద నొక్కాలి. అక్కడ వోల్టీ కాల్స్ అనో, 4జీ కాలింగ్ అనో, హెచ్‌డీ వాయిస్ అనో ఒక మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేసి ఫోనును ఒకసారి ఆపి మళ్లీ వెలిగించాలి. ఆ మీటే కనిపించకపోతే ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడాలి, ఎందుకంటే కొన్ని మోడళ్లకు వోల్టీ సదుపాయం అప్‌డేట్ ద్వారానే వచ్చింది. అప్పటికీ లేకపోతే ఇంట్లోని మరో కంపెనీ సిమ్మును ఆ ఫోనులో వేసి చూడండి. ఒక కంపెనీ సిమ్ముకు వోల్టీ ఇచ్చి మరొక దానికి ఇవ్వని ఫోన్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఫోను మార్చడం కన్నా సిమ్ మార్చుకోవడం చవక.

ఆ పక్కనే నెట్‌వర్క్ మోడ్ అన్న వరుస ఉంటుంది. బ్యాటరీ త్వరగా అయిపోతోందని ఎప్పుడో 3జీకి మార్చి, ఆ సంగతే మరిచిపోయినవారు చాలామంది. అది 3జీ మాత్రమే అని ఉంటే, ఆ కంపెనీకి 3జీ లేని చోట ఫోను ఉన్నా లేనట్టే. దాన్ని 5జీ, 4జీ, 3జీ, 2జీ అన్నీ కలిసి ఉన్న ఆటో ఎంపికకు మార్చాలి. 5జీ అంచులో ఉన్న ఊళ్లలో ఫోను 5జీకీ 4జీకీ మధ్య అదేపనిగా మారుతూ వేడెక్కుతుంటే 4జీతో మొదలయ్యే ఆటో ఎంపిక పెట్టుకోవచ్చు. నక్షత్రాలూ హాష్ గుర్తులూ కొట్టి తెరిచే రహస్య మెనూలో 4జీ మాత్రమే అని పెట్టుకోమని చెప్పే వీడియోలను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. వోల్టీ లేని ఫోనులో అలా పెడితే నెట్ వేగంగా కనిపిస్తుంది గానీ ఆపద వేళ కాల్ వెళ్లదు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని పూర్తిగా ఆపివేసే మీట కూడా ఉంటుంది. భద్రత రీత్యా అది మంచిదే అయినా నల్లమల అంచు పల్లెల్లోనూ వెలిగొండల పక్కనా ఉండేవారు దాని జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

సెట్టింగ్స్ అన్నీ సరిగా ఉన్నా 4జీ రాకపోతే అనుమానించవలసింది సిమ్మును. 2జీ, 3జీ కాలంలో తీసుకుని, కత్తెరతో కత్తిరించి చిన్నది చేసి వాడుతున్న సిమ్ములు పెద్దవాళ్ల ఫోన్లలో ఇప్పటికీ ఉన్నాయి. అవి 4జీకి పనికిరావు. అదే నంబరుతో 4జీ సిమ్మును కంపెనీ సేవా కేంద్రంలో ఆధార్, వేలిముద్రతో మార్చి ఇస్తారు. అయితే రోజు చూసుకుని వెళ్లాలి. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసగాళ్లు మన నంబరుతో సిమ్ తీసుకుని డబ్బు కాజేయకుండా పెట్టిన నిబంధన అది. ఆ ఒక్క రోజు ఓటీపీలు అందవు, ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి సిమ్ మారిందని గుర్తించి మళ్లీ నమోదు చేసుకోమంటే ఎస్సెమ్మెస్ పోనందున అదీ కుదరదు. కాలేజీ ఫీజు కట్టవలసిన రోజునో, ఆసుపత్రికి బయలుదేరే ముందురోజో సిమ్ మార్చుకోకూడదు, చేతిలో కొంత నగదు ఉంచుకోవాలి.

రెండు సిమ్ముల పాత ఫోన్లలో మరో చిక్కు ఉంది. వాటిలో కొన్నింట సిమ్ పెట్టే అరల్లో మొదటిది మాత్రమే 4జీని అందుకుంటుంది, రెండోది 3జీ, 2జీలకే పరిమితం. అంతా బాగున్నా ఒక సిమ్ముకు మాత్రమే ఇబ్బంది ఉంటే రెండింటి స్థానాలను మార్చి చూడాలి.

బీఎస్‌ఎన్‌ఎల్ వాడేవారు తెలుసుకోవలసిన ప్రత్యేక విషయం ఒకటుంది. ఆ సంస్థ 4జీని 700, 2100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద ఇస్తోంది. 700 తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలను దాటి ఇళ్లలోకి బాగా చొచ్చుకుపోతుంది, పల్లెకు అది వరమే. కానీ కొన్నేళ్ల కిందటి 4జీ ఫోన్లలో చాలావాటికి 700 తరంగాన్ని పట్టే బ్యాండ్ 28 లేదు. పక్కింటివారికి 4జీ వస్తూ మీకు రాకపోతే, ఫోను కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్ వివరాల్లో ఆ బ్యాండ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఏ సెట్టింగూ దాన్ని తెచ్చిపెట్టలేదు. కొత్త ఫోను నిజంగా అవసరమయ్యే సందర్భం ఇలాంటిదే.

4జీ గుర్తు కనిపిస్తూ నెట్ మాత్రం రాకపోతే ఏపీఎన్, అంటే ఫోనును కంపెనీ ఇంటర్నెట్‌కు కలిపే పేరు, చూడాలి. జియోకు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, ఖాళీ లేకుండా ఉండాలి. చివరి ప్రయత్నంగా నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయవచ్చు గానీ దానితో వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు చెరిగిపోతాయి కనుక ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంటి లోపల మాత్రమే సిగ్నల్ దిగిపోయే చోట వైఫై కాలింగ్ చాలా ఉపకరిస్తుంది. మందపాటి గోడల మిద్దెల్లోనూ, ఉదయగిరి దుర్గం వంటి కొండల చాటున టవరు అందని వీధుల్లోనూ ఫైబర్ కనెక్షన్ ఉంటే చాలు, ఆ వైఫై మీదుగానే మామూలు నంబరుతో మామూలు కాల్ నడుస్తుంది. అవతలివారికి ఏ యాపూ అక్కర్లేదు. ఆ మీట కూడా వోల్టీ పక్కనే ఉంటుంది. ఇక తీరంలో కొత్తపట్నం నుంచి మైపాడు వరకు ఉండేవారు నెట్‌వర్క్ ఎంపికను ఎప్పుడూ ఆటోమేటిక్‌లో ఉంచాలి. తుపానులప్పుడు ఒక కంపెనీ సిమ్ మరో కంపెనీ టవరు మీద పనిచేసేలా ప్రభుత్వం ఆదేశిస్తుంటుంది. ఎంపికను ఒక కంపెనీకే బిగించి ఉంచితే ఆ సాయం అందదు.

ఫోన్ల హడావుడిలో అందరూ మరిచిపోతున్నది బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్లను. ప్రకాశం మెట్ట పొలాల్లో ఇంటి నుంచే కాల్ చేసి మోటారు వేసే ఆ పెట్టెల్లో, ముఖ్యంగా పాతవాటిలో, ఉండేది 2జీ పరికరం. అందులో జియో సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ములు 2జీ ఉన్నంతకాలం పనిచేస్తాయి, కానీ రీఛార్జ్ గడువు దాటితే కాల్ అందక మోటారు కదలదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల వద్ద కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే యజమానికి కాల్ చేసే అలారం పెట్టెలదీ ఇదే పరిస్థితి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళ ఆ ఒక్క కాల్ రాకపోతే గుంటంతా పోతుంది. ఉన్నవాటిని ఇప్పుడే తీసివేయనక్కర్లేదు. నెలకోసారి కాల్ చేసి పరీక్షిస్తూ, కొత్తది కొనేటప్పుడు మాత్రం 4జీ పెట్టెనే అడిగి తీసుకోవాలి.

పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తపడాలి. అమెరికాలో ప్రధాన కంపెనీలు 2022లోనే 3జీని మూసివేశాయి, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరుతో అది ముగిసింది. అక్కడి కంపెనీ ఆమోదించిన మోడల్ కాకపోతే ఇక్కడ చక్కగా పలికే ఫోను అక్కడ కాల్‌కు పనికిరాకపోవచ్చు. ఆస్ట్రేలియాలోనైతే అత్యవసర నంబరుకు వోల్టీతో కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్కులోకి రానివ్వరు. విమానం ఎక్కేలోపే *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబరును పిల్లలకు పంపి, అక్కడి కంపెనీ వెబ్‌సైటులో సరిచూడమనాలి.

ఇన్ని పరీక్షలూ చేశాక, ఒకే కంపెనీ సిమ్ రెండు వేర్వేరు ఫోన్లలో ఒకే చోట విఫలమైతే లోపం టవరుదే. అప్పుడు 198కి ఫిర్యాదు చేసి, చోటు పేరు, వేళ, కాల్ మధ్యలో కనిపించిన గుర్తు చెప్పి, వారిచ్చే ఫిర్యాదు నంబరును రాసుకోవాలి. గడువులోగా పరిష్కరించకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. అదీ ఫలించక అదే నంబరుతో కంపెనీ మారదలిస్తే (దీన్నే పోర్ట్ అంటారు) ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. కొత్త కంపెనీకి ఇవ్వడానికి వచ్చే కోడ్ మన రాష్ట్రంలో నాలుగు రోజులు చెల్లుతుంది. సిమ్ మార్చుకున్న ఏడు రోజుల్లోపు మాత్రం ఆ కోడ్ ఇవ్వరు. కాబట్టి కంపెనీ మారాలని ముందే నిశ్చయించుకున్నవారు పాత కంపెనీ దగ్గర 4జీ సిమ్ తీసుకోకుండా నేరుగా పోర్టుకే పెట్టుకోవడం మంచిది.