రాచెట్ కొనేముందు, బోల్టు మీద పెట్టేముందు

ఇంట్లో బైకు, కారు పనుల కోసం మొదటి రాచెట్ (బోల్టు మీంచి తీయకుండానే పిడిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పే రెంచ్) కొంటుంటే 3/8 అంగుళాల డ్రైవ్ (సాకెట్‌ను తగిలించే చదరపు మొన) ఉన్నదే తీసుకోండి. చాలా పనులు దానితోనే గడిచిపోతాయి.

• లోపలి చక్రానికి పళ్లెన్నో అడగండి. 72 పళ్లదైతే పిడిని 5 డిగ్రీలు కదిపితే చాలు, తర్వాతి పన్ను అందుకుంటుంది. 36 పళ్లదానికి 10 డిగ్రీలు కావాలి. ఇంజిను పక్కన చెయ్యి పట్టీపట్టని సందులో ఈ తేడా విలువ తెలుస్తుంది.

• దుకాణంలోనే రెండు వైపులా తిప్పి చూడండి. చప్పుడు ఒకేలా రావాలి, తల వదులుగా ఊగకూడదు. మీట దానంతటదే దిశ మారిపోతుంటే అక్కడే వదిలేయండి, ఎంత చవకైనా సరే.

• సాకెట్లు (బోల్టు తలకు తొడిగే గిన్నెలు) ఆరు మూలలవే మేలు. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన బోల్టు అంచులను తొందరగా అరగదీస్తాయి.

• బిగుసుకున్న చక్రం నట్లను రాచెట్‌తో విప్పే ప్రయత్నం చేయవద్దు. పిడికి పైపు తొడగడం అసలే వద్దు: లోపలి పళ్లు జారితే చెయ్యి వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది. ముందు బ్రేకర్ బార్‌తో (లోపల పళ్లు లేని పొడవాటి గట్టి పిడి) వదులు చేయండి, ఆ తర్వాతే రాచెట్.

• చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే రెంచ్), వాహనం మాన్యువల్‌లో ఇచ్చిన అంకె ప్రకారమే.

• బ్యాటరీ దగ్గర పనైతే ముందు నెగటివ్ తీగ తీసేయండి.