గడప ముందు ఇటుక మెట్టు కట్టుకోవడం

కోనసీమ నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లేకుండా నేల మీదే ఇటుకలు పేరిస్తే రెండో ఏటికల్లా మెట్టు ఒకపక్కకి ఒరుగుతుంది.

నేల నుంచి గడప పైఅంచుకి 14 అంగుళాలుంటే మెట్టు ఎత్తు 7. నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు మెట్టుకి 9 అంగుళాల ఇటుకలు 35, సిమెంటు అర బస్తా చాలు. ఇసుక గోదావరిదే వాడండి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, తెల్లగా పొంగి పూత రాలిపోతుంది.

మెట్టు కొలతకి చుట్టూ మూడంగుళాలు కలిపి, 10 అంగుళాల లోతు తవ్వండి. ఆరంగుళాల ఇసుక పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టండి. పైన నాలుగంగుళాల కాంక్రీటు, సిమెంటు, ఇసుక, కంకర 1:3:6 పాళ్ళలో.

ఇటుకల్ని ముందుగా నీళ్ళతొట్టిలో వేసి, బుడగలు ఆగాక తీయండి. పొడి ఇటుక మాలులోని నీళ్ళు పీల్చేస్తుంది, అతుకు పట్టదు. మాలుకి సిమెంటు, ఇసుక 1:6 పాళ్ళు. మొదటి వరసలో ముందువైపు ఇటుకలు మెట్టు పొడవు వెంట, వెనక వాటికి అడ్డంగా, రెండో వరసలో తారుమారు. ఒక అతుకు మీద ఇంకో అతుకు పడకూడదు.

ఇంటి గోడకి మాత్రం కలపకండి. మధ్యలో ప్లాస్టిక్ పట్టా పెట్టండి. మెట్టు కాస్త దిగినా గోడ పగలదు.

మర్నాడు 1:4 మాలుతో అరంగుళం పూత. రసమట్టం పెట్టి, బయటివైపుకి పావంగుళం వాలు ఇవ్వండి. నున్నగా రుద్దితే వానాకాలం జారుతుంది, తడి ఆరకముందే చీపురుతో గీతలు లాగండి. గోనెపట్టా కప్పి వారం రోజులు తడపండి.